నంబరు పోతే ఎవరిని అడగాలి?

టెలికాం శాఖ పేరు పేపర్లో ఎప్పుడు కనిపిస్తుంది? స్పెక్ట్రమ్ వేలం జరిగినప్పుడు, కంపెనీల బకాయిల మీద కోర్టు తీర్పు వచ్చినప్పుడు, ఎక్కడో గొడవలు జరిగి ఇంటర్నెట్ ఆపేసినప్పుడు. లక్షల కోట్లు, శాంతిభద్రతలు, దేశ భద్రత. అన్నీ పెద్ద సంగతులే. మన జేబులో ఉన్న ఫోన్ నంబరు బాగోగులు చూడాల్సింది కూడా ఆ శాఖేనన్న ఊసు మాత్రం ఎక్కడా రాదు.

బ్యాంకు ఖాతాలోకి వెళ్లాలంటే ఓటీపీ. ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవాలంటే ఓటీపీ. పీఎఫ్, పాన్, ఆదాయపు పన్ను రిటర్ను, పిల్లల స్కాలర్‌షిప్పు, ఆఖరికి గ్యాస్ బండ దింపించుకోవాలన్నా ఓటీపీయే. ఇంత బరువును ఒక ఫోన్ నంబరు మీద మోపమని జనం అడగలేదు. ప్రభుత్వమే తన పనులన్నీ తెచ్చి దానికి తగిలించింది, బ్యాంకుల చేత తగిలింపజేసింది. తీరా ఆ నంబరు పోతే మాత్రం అది మీకూ మీ కంపెనీకీ మధ్య వ్యవహారం, రీచార్జ్ చేయించుకోకపోవడం మీ తప్పు అంటుంది. నా గొడవ ఇక్కడే. నంబరును గుర్తింపు పత్రంగా వాడుకుంటున్నప్పుడు, గుర్తింపు పత్రానికి ఇచ్చే రక్షణ దానికీ ఇవ్వాలి. ఆ పని కంపెనీది కాదు, శాఖది.

మన నంబరు అని అంటాం గానీ చట్టం లెక్కలో అది మనది కాదు. నంబర్లు ప్రభుత్వ వనరు. 2003 నాటి జాతీయ నంబరింగ్ ప్రణాళిక ప్రకారం శాఖ సిరీస్‌ల వారీగా కంపెనీలకు కేటాయిస్తుంది, కంపెనీ అందులోంచి ఒకటి మనకు వాడుకోవడానికి ఇస్తుంది. 2011 జనవరిలో దేశమంతటా పోర్టబిలిటీ వచ్చాక కంపెనీ మారినా నంబరు మనతోనే వస్తోంది కాబట్టి మనదేనన్న ధీమా ఏర్పడింది. వ్యాలిడిటీ అయిపోయిన నాడు గానీ ఆ ధీమా ఎంతపాటిదో తెలియదు.

మా పెద్దమ్మ ఇంటికి గ్యాస్ బండ వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. ఆవిడది కీప్యాడ్ ఫోన్. మోకాలి ఆపరేషన్ చేయించుకుని కొన్ని నెలలు కూతురి దగ్గర ఉండి వచ్చింది. అన్నాళ్లూ ఫోన్ ఇక్కడ బీరువాలోనే పడి ఉంది, రీచార్జ్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నంబరు పోయింది. వచ్చాక కొత్త సిమ్ అయితే తీసుకుంది గానీ, గ్యాస్ ఏజెన్సీలో ఇంకా పాత నంబరే ఉంది. బండి కుర్రాడు బండ భుజాన పెట్టుకుని గేటు దగ్గర నిలబడి "కోడ్ చెప్పండమ్మా" అన్నాడు. ఈవిడ కొత్త ఫోన్ తీసి మెసేజ్‌లన్నీ నొక్కి చూస్తోంది. ఏమీ లేదు.

కుర్రాడికి ఇలాంటివి అలవాటేమో, బండ కింద దింపి తన ఫోన్ లోంచి పాత నంబరుకు కలిపి స్పీకర్ పెట్టాడు. అవతల ఎవరో పిల్లాడు ఎత్తాడు. "మళ్లీ గ్యాసేనా అన్నా?" అని అడిగి, విసుక్కోకుండా నాలుగంకెలూ చదివాడు. ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట కూడా చెప్పాడు. "ఆమె బ్యాంకు మెసేజ్‌లు కూడా నాకే వస్తున్నాయి. మొన్న ఏవో డబ్బులు కట్టయ్యాయి, చూసుకోమని చెప్పండి." పెద్దమ్మకు ఇందులో భయపడాల్సింది ఏమీ కనిపించలేదు. "బాబూ, మీదే ఊరు నాయనా?" అని కబుర్లలోకి దిగింది. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఆవిడ ఆధార్‌కు ఉన్నది కూడా ఆ నంబరే.

ఆ పిల్లాడు మంచివాడు కాబట్టి సరిపోయింది. కాకపోయి ఉంటే?

ఇలా చేతులు మారడం ఎవరో పొరపాటు చేస్తే జరిగింది కాదు. రూలే అది. వాడకంలో లేని నంబరును రద్దు చేశాక 90 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. దీని మీద సుప్రీంకోర్టుకు వెళ్లిన పిటిషన్ ఒకటి 2023లో విచారణకు వచ్చింది. పాత యజమాని వాట్సాప్, బ్యాంకు వివరాలు కొత్త యజమానికి చిక్కుతున్నాయి, ఇలా మళ్లీ ఇవ్వడం ఆపండి అన్నది ఆ పిటిషన్. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వచ్చి 90 రోజుల రూలు చూపించింది. 45 రోజులు వాడకుండా ఉన్న ఖాతా ఇంకో ఫోన్లో మొదలైతే పాత డేటా తీసేస్తామన్న వాట్సాప్ మాట కూడా కోర్టు ముందుకొచ్చింది. నంబరు వదులుకునేవాళ్లు తమ వివరాలు తామే చెరిపేసుకోవాలి అన్న అర్థంలో చెప్పి, ఆ నవంబరులో కోర్టు కేసు ముగించేసింది.

బీరువాలో ఫోన్ పెట్టి ఆపరేషన్‌కు వెళ్లిన మనిషి ఏం చెరిపేసుకుంటుంది? నంబరును కావాలని వదులుకోవడం వేరు, చేజారిపోవడం వేరు. కోర్టు చెప్పింది మొదటి రకానికి సరిపోతుంది. మన దేశంలో పోయే నంబర్లు ఎక్కువగా రెండో రకానివేనని నా అనుమానం. 2024 జులైలో రేట్లు పెంచాక కేవలం ఇన్‌కమింగ్ కోసం రెండో సిమ్ బతికించుకునేవాళ్లు చాలామంది దాన్ని వదిలేశారు. డేటాతో పనిలేని ముసలివాళ్లు కూడా డేటా ప్యాక్ వేయించుకోక తప్పని రోజులు నడిచాయి. కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాక్‌లు విడిగా పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో గానీ ఆదేశించలేదు. బాలెన్స్‌లో 20 రూపాయలుంటే అవి కోసుకుని నంబరు రద్దు చేయకుండా ఇంకో నెల ఉంచాలన్న రూలు 2013 నుంచీ ఉంది. ఈ ముక్క ఎంతమందికి తెలుసు? రీచార్జ్ షాపులో అడిగి చూడండి.

అసలు నంబరుకు ఇంత ప్రాణం ఎక్కడి నుంచి వచ్చింది? 2017 మార్చి 23న టెలికాం శాఖ ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఉన్న కనెక్షన్లన్నిటినీ ఆధార్‌తో మళ్లీ వెరిఫై చేయాలని. సిమ్ షాపుల ముందు క్యూలు కట్టి వేలిముద్రలు వేయడం, రోజుకు నాలుగు మెసేజ్‌లు వచ్చి "లింక్ చేయకపోతే నంబరు కట్" అని బెదిరించడం గుర్తుండే ఉంటుంది. ఇదంతా సుప్రీంకోర్టు చెప్తేనే చేస్తున్నామన్నారు. మేం అలా ఆదేశించలేదే అని కోర్టే అంది. 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులో ఆ సర్క్యులర్ చెల్లదని కొట్టేశారు కూడా. సర్క్యులర్ పోయింది గానీ అది చేసిన అలవాటు పోలేదు. ఆధార్‌కు ఫోన్ నంబరు, బ్యాంకుకు ఆధార్, యూపీఐకి బ్యాంకు. గొలుసు మొత్తం ఒకే కొక్కేనికి వేలాడుతోంది. ఆ కొక్కెం వ్యాలిడిటీ 28 రోజులు.

ఈ శాఖ ఏమీ చేయట్లేదని నేననను. దొంగ సిమ్‌ల విషయంలో చాలానే చేసింది. మీ పేరు మీద ఎన్ని కనెక్షన్లున్నాయో చూసుకునే వెబ్‌సైట్ 2021లో మొదట మన తెలుగు రాష్ట్రాల వాళ్లకే వచ్చింది. శాఖ విజయవాడ కార్యాలయం చేసిన పని అది. (టెలికాం లెక్కల్లో ఆంధ్రా, తెలంగాణ ఇప్పటికీ ఒకటే సర్కిల్. రాష్ట్రం విడిపోయినా సిగ్నల్ విడిపోలేదు.) తర్వాత 2023 మేలో సంచార్ సాథీ పేరుతో దేశమంతటికీ ఒక పోర్టల్ పెట్టి ఇదీ, పోయిన ఫోన్‌ను బ్లాక్ చేయించుకునే సదుపాయం, అన్నీ అందులో చేర్చారు. ఆ ఏడాదే విజయవాడలో ఒకే మనిషి ఫొటోతో 600కు పైగా సిమ్‌లు తీసినట్టు బయటపడింది. వేర్వేరు పేర్లతో ఉన్నా ముఖం ఒకటే అని పట్టుకునే సాఫ్ట్‌వేర్ శాఖ దగ్గరుంది. సిమ్ అమ్మేవాళ్లు రిజిస్టర్ చేసుకోవాలన్నారు. మనిషికి తొమ్మిది సిమ్‌లకు మించకూడదన్న పరిమితిని 2023 కొత్త టెలికాం చట్టంతో గట్టిగా బిగించారు. మీరితే మొదటిసారి 50 వేలు, ఆ తర్వాత 2 లక్షల దాకా జరిమానా. ఇవన్నీ అవసరమే. సైబర్ మోసాల్లో జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్న రిటైర్డ్ టీచర్ల కథలు వినని ఊరు లేదు.

కానీ గమనించండి. దొంగ పేరు చెప్పి శాఖ చేతికి వచ్చిన అధికారాలన్నీ నంబరును ఆపేవే. నిలబెట్టేది ఒక్కటీ లేదు. 2024 నవంబరులో వచ్చిన టెలికాం సైబర్ సెక్యూరిటీ రూల్స్ ప్రకారం అనుమానం వచ్చిన నంబరును ఆపేయమని ప్రభుత్వం ఆదేశించొచ్చు. మామూలుగా అయితే నోటీసిచ్చి ఏడు రోజులు గడువివ్వాలి. ప్రజా ప్రయోజనం కోసం వెంటనే ఆపాలనిపిస్తే ఆ నోటీసూ అక్కర్లేదు, ముందు ఆపి తర్వాత మాట్లాడుకోవచ్చు. దొంగకైతే మరో సిమ్ క్షణంలో పని. పొరపాటున అనుమానంలో పడ్డ మామూలు మనిషికి మాత్రం ఆ రోజు నుంచి బ్యాంకు లేదు, ఆధార్ లేదు. "నా నంబరు ఆపేశారు" అని ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడదామన్నా ముందు ఓటీపీ అడుగుతుంది. ఆ ఓటీపీ ఏ నంబరుకు వస్తుందో చెప్పక్కర్లేదు.

2025 అక్టోబరులో ఆ రూల్స్‌ను ఇంకాస్త సాగదీశారు. బ్యాంకులు, యాప్‌లు తమ కస్టమర్ ఇచ్చిన నంబరు నిజంగా ఆ కస్టమర్ పేరున ఉందో లేదో చూసుకునే వేదిక ఒకటి పెడతారట. వినడానికి బాగుంది. ఇది కాగితం మీద రాసినవాళ్లకు మన ఇళ్లలో సిమ్‌లు ఎవరి పేరున ఉంటాయో తెలుసా అన్నదే నా సందేహం. అమ్మ ఫోన్లో సిమ్ నాన్న పేరున ఉంటుంది. నాన్న ఫోన్లోది కొడుకు పేరున, ఎందుకంటే ఆ రోజు షాపుకు ఆధార్ జిరాక్స్ పట్టుకెళ్లింది వాడే. అల్లుడు పెట్టించిన నంబరు అత్తగారి దగ్గర పదేళ్లుగా ఉంటుంది. భర్త పోయాక ఆయన పేరు మీద ఉన్న సిమ్‌నే వాడుకుంటున్న ఆడవాళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. పేరు మార్పించుకోవాలంటే మరణ ధ్రువపత్రం, వారసుల సంతకాలు, షాపు చుట్టూ తిరుగుళ్లు. ఎందుకులే అని వదిలేస్తారు. రేపు బ్యాంకు ఆ వేదికలో నొక్కి చూస్తే వీళ్లందరిదీ "పేరు కలవలేదు" అనే వస్తుంది. మోసగాళ్ల కోసం వేసిన వలలో మొదట పడేది వీళ్లే. ఈ వేదిక మొదలుపెట్టే ముందు, ఒక కుటుంబంలోని వాళ్లు సిమ్ పేరు మార్చుకోవడానికి సులువైన, పైసా ఖర్చు లేని పద్ధతి ఒకటి పెట్టి, ఏడాదిపాటు ఊరూరా చాటింపు వేయించాలి. ఆ ఊసే లేదు.

అదే ఏడాది నవంబరు 28 నాటి ఆదేశాలు రెండూ ఇదే ధోరణి. కొత్త ఫోన్లన్నిటిలో సంచార్ సాథీ యాప్ ముందే ఎక్కించి ఇవ్వాలన్నది ఒకటి. గోల పుట్టగానే డిసెంబరు 3న వెనక్కి తీసుకున్నారు, మంచిది. రెండోది వాట్సాప్ లాంటి యాప్‌లు రిజిస్టర్ చేసిన సిమ్ ఫోన్లో ఉంటేనే పనిచేయాలన్నది. విదేశాల్లో కూర్చుని ఇక్కడి నంబర్లతో మోసం చేసేవాళ్లను ఆపడానికి అన్నారు. కారణం ఉంది, కాదనను. కానీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలోనే "మన మిత్ర" అని సర్టిఫికెట్ల దగ్గర్నుంచి బిల్లుల దాకా వాట్సాప్‌లోకి తెచ్చేసింది. అంటే సిమ్ పోతే మీసేవ కౌంటర్ కూడా పోయినట్టే.

మరి కష్టం వస్తే ఎవరి దగ్గరికి పోవాలి? కస్టమర్ కేర్‌కు చేస్తే డాకెట్ నంబరిస్తారు. అక్కడ తేలకపోతే అప్పీలు. ఆ అప్పీలు వినేది కూడా అదే కంపెనీ పెట్టిన మనిషి. ట్రాయ్‌కి రాస్తే, విడివిడి ఫిర్యాదులు మేం చూడం అంటుంది, చట్టంలో ఆ అధికారం తనకు లేదు. శాఖ పోర్టల్‌లో పెడితే అది తిరిగి తిరిగి కంపెనీకే చేరుతుంది, కంపెనీ "సమస్య పరిష్కరించబడింది" అని రాస్తుంది, ఫైలు మూత. వినియోగదారుల కోర్టుకైనా పోదామంటే 2009లో సుప్రీంకోర్టు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం చూపించి టెలిఫోన్ వివాదాలు అక్కడ కుదరవంది. బ్రిటిష్ వాళ్లు తంతి తీగల కోసం చేసిన చట్టం స్వతంత్ర దేశంలో ఫోన్ వాడేవాడికి కోర్టు తలుపు మూసింది. 2022 ఫిబ్రవరిలో కోర్టే మళ్లీ, వెళ్లొచ్చు అని తేల్చింది. కొత్త చట్టంలోనూ ఆ హక్కు ఉంచారు. కానీ నంబరు ఈ రాత్రి ఆగితే రేపు పొద్దున కావాల్సింది కోర్టు వాయిదా కాదు.

బ్యాంకులతో గొడవ వస్తే ఫిర్యాదు విని తేల్చడానికి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. బీమా కంపెనీలకూ ఉన్నాడు. వంద కోట్లకు పైగా కనెక్షన్లున్న టెలికాం రంగానికి లేడు. ఎందుకు లేడో అర్థం కావాలంటే ఈ శాఖకున్న వేషాలు లెక్కపెట్టాలి. లైసెన్సులిచ్చేది తనే, స్పెక్ట్రమ్ అమ్మేది తనే, కంపెనీల ఆదాయంలో వాటా తీసుకునేది తనే. బీఎస్ఎన్ఎల్ తన కిందే ఉంది. బకాయిలను షేర్లుగా మార్చుకోవడంతో 2025 ఏప్రిల్ నుంచి వొడాఫోన్ ఐడియాలో ప్రభుత్వానికి దాదాపు 49 శాతం వాటా వచ్చింది. ఆదాయం అంటే ఏమేం లెక్కలోకి వస్తాయో తేల్చుకోవడానికి కంపెనీలతో దశాబ్దంన్నర పోరాడి 2019 అక్టోబరులో గెలిచిన శాఖ ఇది. ఆ పట్టుదలలో ఆవగింజంత చందాదారుడి వైపు చూపించి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2016 దాకా కమ్యూనికేషన్లు, ఐటీ ఒకే మంత్రిత్వ శాఖగా ఉండేవి. ఆ ఏడాది జులైలో విడదీశారు. ఇప్పుడు నంబరు ఒక మంత్రిత్వ శాఖది, ఆధార్, డిజీలాకర్ ఇంకో మంత్రిత్వ శాఖవి, బ్యాంకు ఖాతా రిజర్వు బ్యాంకు పరిధిలోది, గ్యాస్ పెట్రోలియం వాళ్లది. రద్దయిన నంబర్ల జాబితా టెలికాం శాఖ తయారుచేస్తుంది. దాన్ని చూసి తమ రికార్డులు సరిచేసుకోమని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకు చెప్పింది. చాలా మంచి పని. కానీ ఆధార్, గ్యాస్, పీఎఫ్, రాష్ట్ర ప్రభుత్వ పథకాలు కూడా విధిగా అదే జాబితా చూడాలి కదా. నంబరు ఇంకొకరికి ఇచ్చే ముందే ఆ నంబరుతో ఉన్న పాత ముడులన్నీ విప్పాలి. ఇప్పుడు ముందు చేతులు మారుతోంది, తర్వాత ఎవరి ఖర్మ వాళ్లది.

కాబట్టి నేనడిగేవి పెద్ద కోరికలేం కావు. ఆధార్‌కో బ్యాంకుకో ముడిపడిన నంబరును రీచార్జ్ లేదని రద్దు చేయకూడదు. ఔట్‌గోయింగ్ ఆపుకోండి, ఓటీపీలు మాత్రం ఏడాది పాటు రానివ్వండి. రద్దయిన నంబరును 90 రోజులు కాదు, కనీసం ఇంకో ఏడాది పక్కన పెట్టండి. అనుమానంతో ఆపితే, చందాదారుడు ఆధార్ పట్టుకుని స్వయంగా వెళ్లి 24 గంటల్లో తేల్చుకునే కౌంటర్ ప్రతి జిల్లాలో ఒకటి చూపించండి. హెడ్ పోస్టాఫీసులో పెట్టినా చాలు, తపాలా శాఖ ఎటూ అదే మంత్రి కింద ఉంది. టెలికాం అంబుడ్స్‌మన్‌ను కంపెనీకి బయట పెట్టండి.

అంతకాలం పక్కన పెడితే నంబర్లు అయిపోతాయి అంటారు. ఈ మాట కంపెనీల వాళ్లు అన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. మొబైల్ నంబర్లు 6, 7, 8, 9లతో మొదలవుతాయి కాబట్టి పది అంకెల్లో కాగితం మీద 400 కోట్లు వస్తాయి. కొన్ని సిరీస్‌లు వేరే పనులకు కేటాయించారనుకున్నా, ఉన్న కనెక్షన్లు అందులో మూడో వంతు కూడా లేవు. యంత్రాల్లో పెట్టే సిమ్‌లకు 13 అంకెల నంబర్లని 2018లోనే వేరుచేశారు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేస్తే ముందు సున్నా కొట్టమన్నారు గుర్తుందా? అలా కొడితే భవిష్యత్తు అవసరాలకు 250 కోట్లకు పైగా కొత్త నంబర్లు చేతికొస్తాయని అప్పట్లో చెప్పింది సాక్షాత్తూ ఈ శాఖే. మనం సున్నా కొడుతూనే ఉన్నాం.